ఇన్వర్టరుందిగా!

సబ్మిట్ నొక్కేసరికి తెర నల్లబడిపోయేది. పెట్టెలో ఫ్యాను ఆగినట్టే ఆగి మళ్ళీ గిర్రుమనేది. బీప్‌మని ఒక కూత, కంపెనీ బొమ్మ, దాని కింద గుండ్రంగా తిరిగే చుక్కలు. ఓటీపీ చెప్పిన మనిషి ఫోను ఇంకా జేబులో పెట్టుకుని కూడా ఉండడు. "ఏటయ్యింది మావయ్యా?" అనడిగితే జిరాక్సు మావయ్య తెర మీంచి కళ్ళు తీయకుండా, "ఓటీపీ మళ్ళీ వస్తాది, ఉండు" అనేవాడు. వచ్చేది. ఈలోగా సైటు మొరాయించేది.

నిజానికి అది సబ్మిట్ దగ్గరే ఆగేదని చెప్పడానికి లేదు. మావయ్య పాత సినిమా పాటలు వింటున్నప్పుడూ ఆగేది, ఎవరూ ముట్టుకోనప్పుడూ ఆగేది. అవి ఎవరూ లెక్కలో వేసుకోరు. డీఎస్సీ దరఖాస్తు ఆఖరి రోజున ఆగింది చూసేరా, దాన్ని ఊరంతా చెప్పుకుంటుంది.

మావయ్య కొట్టు గొలుగొండలో బస్సాగే చోటికి దగ్గర్లో, ఇంటి ముందు గదిలోనే. జిరాక్సు, లామినేషను, పాస్‌పోర్టు ఫొటో, కరెంటు బిల్లు, హాల్ టికెట్టు, రకరకాల దరఖాస్తులు. 2022 ఏప్రిల్ 4న మా మండలం విశాఖపట్నం జిల్లా నుంచి తెగి అనకాపల్లి జిల్లాలో పడ్డాక కొన్నాళ్ళు చేతినిండా పనే. 'జిల్లా' అన్న గడి దగ్గరకొచ్చేసరికి జనం తడుముకునేవారు. "విశాపట్నం కాదేటి?" అని పెద్దవాళ్ళడిగితే, "కాదు, అనకాపల్లి" అని ఓపిగ్గా చెప్పి, అలా చెప్పినందుకు విడిగా డబ్బులు తీసుకోవడం లేదని గుర్తుచేసేవాడు. పిసినారి అనను. కాగితానికి రెండోవైపు తెల్లగా పోతుంటే చూడలేని మనిషి, అంతే.

ఇన్వర్టరు కొనడం మాత్రం అత్తయ్య పంతం. ఆ ఎండాకాలం ఉక్కపోతకి పిల్లలకి నిద్దర్లు లేవని పట్టుబట్టి కొనిపించింది. బ్యాటరీ, ట్రాలీ కలిపి పాతిక వేల చిల్లర. అంత పోసి కొన్నాక మావయ్యకి దాని మీద భక్తి కుదిరిపోయింది. బిగించిన కుర్రాడు దాన్ని వసారా మూల గోడకి చేర్చి, వెనకాల ఉన్న చిన్న మీటని ఒక పక్కకి నొక్కి, "సాయంత్రప్పూట మీకు వోల్టేజీ తక్కువుంటాది. ఇలాగుంటే మాటిమాటికీ బ్యాటరీ మీదకి పోదు. దీన్ని ముట్టుకోకండి" అని చెప్పి వెళ్ళేడు. మావయ్యకి అది వేదవాక్కు. పిల్లలెవరూ ఆ మూలకి పోకుండా బియ్యం బస్తా అడ్డం పెట్టించేడు.

అప్పటిదాకా కంప్యూటరు బల్ల కింద ఓ నల్లటి యూపీఎస్ డబ్బా ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా కీచుకీచుమని ప్రాణం తీసేది. బ్యాటరీ ముసలిదైపోయి ఐదు నిమిషాలు కూడా ఆపేది కాదు. ఇంటి మొత్తానికి ఇన్వర్టరుండగా ఇదెందుకని, ప్రింటరు కార్ట్రిడ్జిలో పొడి నింపడానికొచ్చిన ఇంజినీరుకి ఆ డబ్బా ఇచ్చేసి, నింపుడు డబ్బులు చెల్లు చేసుకున్నాడు. కంప్యూటరు ఆగడం ఆ వారం నుంచే అని నేనిప్పుడు వెనక్కి వెళ్ళి చెప్తున్నాను గానీ, అప్పుడా రెండూ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఇంజినీరంటే ఇంజినీరింగు చదివిన మనిషని కాదు. నర్సీపట్నంలో ఓ మెట్ల కింద గదిలో కంప్యూటర్లు బాగుచేస్తాడు, పిలిస్తే బండేసుకుని మన్యం అంచు ఊళ్ళ దాకా వస్తాడు. పని రానివాడు కాదు సుమా. మొదటిసారి వచ్చినప్పుడు పద్ధతిగానే మొదలెట్టేడు. వైరసేమోనని చూసేడు. విండోస్‌లో ఏదైనా పెద్ద తప్పు దొర్లితే దానంతటదే రీస్టార్టయ్యే ఏర్పాటొకటుంటుంది, దాని టిక్కు తీసేసేడు. అలా తీసేస్తే తప్పేదో నీలం తెర మీద నిలబడి చెప్తుంది. నీలం తెర రాలేదు. ఆరిపోయింది, వచ్చింది, అంతే. అప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్ర గుర్తున్న వరసలు చూపించేడు. అన్నిటికీ ఒకటే పేరు: కెర్నల్ పవర్, 41.

"పవర్ అని రాసుంది చూసేరా గురువుగారూ? ఎస్సెంపీఎస్ పోయింది."

ఆ 41 చెప్పేది అది కాదు. యంత్రం పద్ధతి ప్రకారం మూతపడకుండా ఆరిపోయిందని మాత్రమే చెప్తుంది. ఎందుకారిపోయిందో దానికీ తెలియదు. మనిషి పోయేడని చాటింపు వేసేవాణ్ణి పట్టుకుని ఏ జబ్బుతో పోయేడని అడిగితే ఎలా? ఎస్సెంపీఎస్ కావచ్చు, కాకనూ పోవచ్చు.

పెట్టె మూత తీసేసరికి లోపల ఎస్సెంపీఎస్ రేకు మీదా, ప్రాసెసరు ఫ్యాను నడిబొడ్డునా మూడేసి కుంకుమ చుక్కలు కనిపించేయి. అంతకుముందు దసరాకి అత్తయ్య దుమ్ము దులిపించి పెట్టిన బొట్లు. ఆవిడ ఏ వస్తువుకి బొట్టు పెట్టినా మధ్య ఒకటి పెద్దది, అటూ ఇటూ రెండు చిన్నవి. పుట్టింటి అలవాటు. ఇంజినీరు స్క్రూడ్రైవరు పక్కనపెట్టి, ఆ చుక్కలకి వేళ్ళు తాకించి కళ్ళకద్దుకుని, ఆనక మరలు విప్పేడు. అది చూసి అత్తయ్యకి అతని మీద గురి కుదిరింది. కాఫీతోపాటు జీడిపప్పు కూడా వచ్చింది. జీడితోటల ఊరు కదా, ఊరికే దొరుకుతుంది అనుకుంటారు చాలామంది. అమ్ముకునే చోట ఎవరూ తినరు, ఎవరికీ పెట్టరు. పెట్టేరంటే అది మర్యాదే.

కొత్తది బిగించేక, "పాతది మీకెందుకండీ, తుక్కే కదా. నాకిచ్చేయండి, రెండొందలు తగ్గించుకుంటాను" అన్నాడు. రెండొందలనేసరికి మావయ్య ఆ రేకు డబ్బాని తనే పాత తువ్వాల్లో చుట్టి ఇచ్చేడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. అవి వానలు పడ్డ రోజులని, బోరు మోటార్లన్నీ ఆగి లైను మీద బరువు లేదని ఎవరాలోచిస్తారు? పేరు ఎస్సెంపీఎస్‌కొచ్చింది. ఎండ కాసి, చుట్టుపక్కల మోటార్లు ఒక్కసారి అందుకునేసరికి కంప్యూటరు మళ్ళీ పాత పాటే.

ఈసారి ర్యాము. దాని బంగారు రంగు పళ్ళని బడిపిల్లల రబ్బరుతో రుద్ది పెట్టి చూసేడు. ఇది నవ్వులాటకి చెప్పే వైద్యం కాదు, పళ్ళకి పట్టిన చిలుము పోయి నిజంగానే చాలా కంప్యూటర్లు బాగుపడతాయి. మావయ్యది బాగుపడలేదు గనక ర్యాము మార్చేడు. ఆనక వేడి అన్నాడు. ప్రాసెసరు మీద పేస్టు ఎండిపోయిందని గీకి కొత్తది రాసేడు. ఆఖరికి మదర్‌బోర్డు. టార్చి వేసి, "కెపాసిటర్ల తలలు ఉబ్బేయి, ఇదిగో" అని చూపించేడు. నేనూ వంగి చూసేను. నాకు బల్లపరుపుగానే కనిపించేయి. 2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్ళపాటు, కెపాసిటర్లలో నాసిరకం ద్రావకం పడి ప్రపంచమంతటా లక్షలకొద్దీ బోర్డులు అలా తలలుబ్బి పాడైన మాట నిజమే. మావయ్య బోర్డు ఆ కాలానిది కాదు. కానీ జబ్బు పోయినా దాని పేరుకి ఆయుష్షు గట్టిది. ప్రాసెసరూ ఫ్యానూ సహా బోర్డు మొత్తం మారిపోయింది. పాతవన్నీ "మీకెందుకండీ" ఖాతాలో ఇంజినీరు సంచిలోకి వెళ్ళేయి.

మా మండలంలోనే ఉన్న కృష్ణదేవిపేట పోలీసు స్టేషను మీద 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు పడ్డాడు. ముందురోజు చింతపల్లి, మర్నాడు రాజవొమ్మంగి. పట్టుకుపోయిన ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళేవాడని మా వైపు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఇంజినీరు చిన్న చీటీముక్క కూడా రాయలేదు. మావయ్యా అడగలేదు.

ఊళ్ళో సలహాలకి కొదవా? కంప్యూటరు వాయవ్యంలో ఉంది, అందుకే నిలకడ లేదన్నారొకరు. బల్ల తిప్పేరు. దిష్టి తగిలిందన్నారింకొకరు. నిమ్మకాయా మిరపకాయలూ కట్టేరు. నిమ్మకాయ కుళ్ళిపోయింది గానీ రోగం తగ్గలేదు.

పనికొచ్చే మాట చెప్పినవాడు లైన్‌మేన్. ఆధారు కాపీ తీయించుకోడానికొచ్చి, తెర నల్లబడడం కళ్ళారా చూసేడు. చూసి, కంప్యూటరుని వదిలేసి వసారా వైపు చెవి పెట్టేడు.

"ఇన్వర్టరు టక్కుమంది, విన్నారేటి?"

"లైటారలేదు, ఫ్యానాగలేదు. కరెంటు పోలేదయ్యా" అన్నాడు మావయ్య.

"పోయొచ్చింది. మీకు తెలీలేదు, దానికి తెలిసిపోయింది. ఇన్వర్టరు వెనకాల మీటుంటాది. యూపీఎస్ అని రాసున్నవేపు నొక్కి చూడండి."

ఆ మాటలో ఉన్నదంతా ఇది. మనిళ్ళకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపుకి 20 మిల్లీసెకన్లు. కరెంటు తెగినప్పుడు ఎస్సెంపీఎస్ తన కెపాసిటర్లో దాచుకున్నదానితో 16, 17 మిల్లీసెకన్ల దాకా నెట్టుకురాగలదు; అంటే ఒక ఊపు నిండా కూడా కాదు. కంప్యూటర్ల కోసం చేసిన యూపీఎస్ 10 మిల్లీసెకన్ల లోపే అందుకుంటుంది. ఇళ్ళల్లో పెట్టుకునే ఇన్వర్టరు, మీట మామూలు వైపుంటే, 20 దాటేక గాని అందుకోదు. కొన్ని ఇంకా నిదానం. బల్బూ ఫ్యానూ ఆ కాస్త ఆలస్యాన్ని పట్టించుకోవు, మన కంటికీ ఆనదు. కంప్యూటరు అలా కాదు. వోల్టేజీ సరిగ్గా ఉందని ఎస్సెంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి ఎప్పుడూ ఓ సంకేతం అందుతూ ఉండాలి. అది తెగిందా, బోర్డు ఉన్నవన్నీ వదిలేసి మొదట్నుంచి మొదలెడుతుంది. అంటే ఇన్నాళ్ళూ ఆ పెట్టె చేసిందంతా తన ఒళ్ళు తను కాపాడుకోవడమే.

ఇన్వర్టరు కుర్రాణ్ణి తిట్టడానికీ లేదు. మీట యూపీఎస్ వైపు పెడితే వోల్టేజీ సుమారు 180కి దిగితే చాలు, బ్యాటరీ మీదకి దూకేస్తుంది. సాయంత్రాలు మా ఊళ్ళో అలా దూకుతూ కూర్చుంటే బ్యాటరీ తొందరగా అరుగుతుంది. అతను బ్యాటరీ సంగతి చూసేడు. కంప్యూటరుందని అతనికెవరూ చెప్పలేదు.

మావయ్య బియ్యం బస్తాకేసి చూసేడు. "ఆ మీట ముట్టుకోవద్దన్నాడు. బ్యాటరీ ఖరీదెంతో తెలుసా?"

"పోనీ చిన్న యూపీఎస్ ఒకటి మధ్యలో పెట్టండి."

"ఉన్నదే తీసిచ్చేసేను. ఇన్వర్టరుండగా మళ్ళీ అదొకటా?"

లైన్‌మేన్ ఆధారు కాపీకి డబ్బులిచ్చి వెళ్ళిపోయేడు. అతను మలుపు తిరిగేదాకా ఆగి, "కరెంటోళ్ళ తప్పు ఇన్వర్టరు మీదకి తోసేస్తన్నాడు చూసేవా?" అన్నాడు మావయ్య నాతో.

శ్రావణమాసంలో మావయ్య బావమరిది కేడీపేటలో ఇలాంటి కొట్టే తెరిచేడు. కాగితాల మీద కృష్ణదేవిపేట, నోటికి కేడీపేట. అల్లూరి సమాధి ఉన్న ఊరు గనక వచ్చిపోయే జనం ఉంటారు. కొత్త కంప్యూటరుకి డబ్బు చాలక అతనూ ఆ ఇంజినీరునే ఆశ్రయించేడు. "బెంగుళూరు ఆఫీసులో వాడిన సరుకండీ. ఏసీలో పెరిగింది" అని ఇంజినీరు ఒకటి తొమ్మిది వేల ఐదొందలకి కూర్చి ఇచ్చేడు. పాత యూపీఎస్ ఒకదానికి కొత్త బ్యాటరీ వేసి దాన్నీ జతచేసేడు.

అది ఆగలేదు. మావయ్య దగ్గర విసుగెత్తిన జనం బస్సెక్కి కేడీపేట వెళ్ళడం మొదలెట్టేరు. ఓ దరఖాస్తు ఆఖరి రోజున మావయ్యే తన గిరాకీల కాగితాలు సంచిలో వేసుకుని బావమరిది కొట్టుకి వెళ్ళవలసొచ్చింది. మధ్యాన్నం నుంచి చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. బల్ల కింద యూపీఎస్ కీచుమంటూనే ఉంది, ఫ్యాను ఆగి చెమటలు కారుతూనే ఉన్నాయి, తెర మీద దరఖాస్తు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ యూపీఎస్ గొంతు అంతకుముందెక్కడో విన్నట్టుందని ఆయనకి అనిపించలేదు. అన్ని యూపీఎస్‌లూ అలాగే కూస్తాయి మరి.

"ఏ కంపెనీదిరా ఇది?"

"ఏ కంపెనీదో గాని బావా, ఒక్కనాడు నొప్పనలేదు. నీ డొక్కు ఎవరి మొహానైనా కొట్టి ఇలాంటిదొకటి కొనుక్కోరాదూ?"

మావయ్య అక్కణ్ణుంచి నిద్రపోలేదంటే నమ్మండి. రెండు మూడు ఆదివారాలు బేరం నడిచింది. నా కంప్యూటరు నువ్వు తీసుకో, నీది నాకియ్యి, పైన ఐదు వేలిస్తానన్నాడు. బావమరిది మొదట ఒప్పుకోలేదు. అన్నం పెట్టే యంత్రం అన్నాడు. అప్ప ఫోను చేసి, "మీ బావకి రాత్రుళ్ళు పీడకలలొస్తన్నాయిరా" అంటే కరిగేడు. తీరా సామాను ఆటోలో పెట్టేటప్పుడు యూపీఎస్ కూడా ఎక్కించబోయేడు.

"ఆ కూతల డబ్బా నాకెందుకురా? నాకు ఇన్వర్టరుందిగా. అది నువ్వే ఉంచుకుని ఎనిమిదొందలు తగ్గించు."

నాలుగువేల రెండొందలకి బేరం తెగింది. ఫైళ్ళు ఎవరివి వాళ్ళు పెన్‌డ్రైవులో మోసుకున్నారు. దారి పొడుగునా మావయ్య మొహంలో ఆ ఎనిమిదొందల వెలుగు చూసి తీరాలి.

గొలుగొండ వచ్చిన మర్నాడు సాయంత్రం, మోటార్లేసే వేళకి, తెర నల్లబడింది. "కొత్త చోటు కదా" అన్నాడు మావయ్య. ఆ మర్నాడూ అదే మాటన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. కేడీపేట నుంచి బావమరిది మాత్రం ఫోను చేసేడు: "బావా, నువ్వు డొక్కు డొక్కన్నావు గానీ ఇక్కడ ఒక్కసారీ ఆగలేదు. మా ఊరి నీళ్ళు పడినట్టున్నాయి."

మహర్నవమి నాడు అత్తయ్య పసుపూ కుంకుమా పట్టుకుని ముందు గదిలోకొచ్చింది. కత్తిపీట, కుట్టుమిషను, జిరాక్సు మిషను అయ్యేయి. కంప్యూటరు మూత మావయ్యే విప్పేడు.

"ఏవండీ, దీనికెవరో ముందే బొట్టు పెట్టేసేరు."

"మీ తమ్ముడై ఉంటాడు. మధ్య పెద్దది, పక్కన చిన్నవి. మీ ఇంటి అలవాటే కదా."

"వాడు కొట్టు తెరిచింది శ్రావణంలో. వాడికింకా దసరాయే రాలేదు."

ఆవిడ ఇంకా దగ్గరగా వంగి చూసింది. ఫ్యాను మీదున్న చిన్న చుక్కల్లో ఒకటి పక్కకి జారి, ఎండి నల్లబడి ఉంది. పోయినేడు తడి ఆరకుండా చెయ్యి తగిలించేడని చిన్నాడి వీపు మీద ఒకటి వేసింది ఆవిడే. నెమ్మదిగా లేచి, కుంకుమ భరిణె మూత పెట్టేసింది.

"ఇది మనదేనండీ."

మావయ్య కుర్చీలో కూర్చుని వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసేడు. కొత్త ఎస్సెంపీఎస్, కొత్త ర్యాము, కొత్త బోర్డు, అవన్నీ ఇప్పుడు కేడీపేటలో ఉన్నాయి. ఎనిమిదొందల దగ్గర వేళ్ళు ఆగిపోయేయి. గభాల్న ఫోను తీసి ఇంజినీరుకి కలిపేడు. కోపంతో నోట మాట రాక, "ఏమయ్యా..." అన్నాడంతే.

"మీరే చేస్తారనుకున్నాను గురువుగారూ. మీ బావమరిది గారు చెప్పేరు, అది మీరు తెచ్చుకున్నారని. ఆగిపోతందా? మరేం లేదు, ఎస్సెంపీఎస్ పోయుంటాది. పండగెళ్ళగానే వచ్చి మార్చేస్తాను. పాతది మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అలాంటి గట్టి సరుకు ఇప్పుడెక్కడా దొరకడం లేదు."